దడ వచ్చినా ఆగని నడక: వ్యాయామం, ఆందోళన, మనసు వెసులుబాటు

తెల్లవారుజామున ఐదున్నరకి బీచ్ రోడ్డు మీద నిలబడితే విశాఖ సగం అక్కడే ఉన్నట్టుంటుంది. కాళీమాత గుడి దగ్గర్నుంచి సబ్‌మెరైన్ మ్యూజియం దాటి వుడా పార్కు వైపు వెళ్లేవాళ్లు, అటునుంచి ఎదురొచ్చేవాళ్లు. షుగరుకని కొందరు, బరువుకని కొందరు. "టెన్షన్ తగ్గుతుందని డాక్టరు గారు నడవమన్నారు" అనేవాళ్లూ వాళ్లలో ఉంటారు.

ఆ సలహా మంచిదే గానీ సగమే. ఎంతసేపు నడవాలి, ఎంత జోరుగా నడవాలి, మధ్యలో గుండె దడ మొదలైతే ఏం చేయాలి, అసలు నడిస్తే ఆందోళన ఎందుకు తగ్గాలి? ఇవేవీ చెప్పకుండా పంపితే ఆందోళన ఉన్న మనిషి నాలుగో రోజుకే మానేస్తాడు. ఇంట్లోవాళ్లు దానికి బద్ధకం అని పేరు పెడతారు. జరిగేది వేరు. జోరుగా నడవడం మొదలెట్టిన పది నిమిషాలకి గుండె వేగం పెరుగుతుంది, ఊపిరి ఎగదన్నుతుంది, చెమట పోస్తుంది, ఒళ్లు వేడెక్కుతుంది. పానిక్ అటాక్‌లోనూ, అంటే హఠాత్తుగా ముంచుకొచ్చే తీవ్రమైన భయంలోనూ, ఇవే జరుగుతాయి. ఒకసారి పానిక్ అటాక్ చవిచూసిన మనిషికి ఈ రెండింటికీ తేడా తెలియదు. "మళ్లీ మొదలైంది" అనుకుని పక్కనున్న సిమెంటు బెంచీ మీద కూలబడతాడు, ఆటో పిలుచుకుని ఇంటికెళ్లిపోతాడు. ఆ రోజు నుంచి బీచ్ రోడ్డు కూడా భయపడాల్సిన చోట్ల జాబితాలో చేరిపోతుంది.

అందుకే నడకకి ముందు ఈ దడ సంగతి తెలుసుకోవాలి.

ఆందోళనలో రెండు పొరలుంటాయి. మొదటిది మామూలు భయం: పరీక్ష, అప్పు, పిల్ల పెళ్లి, ఉద్యోగం. రెండోది భయానికి భయపడటం. గుండె వేగంగా కొట్టుకుంటే "గుండెపోటేమో", తల తిరిగితే "పడిపోతానేమో", చేతులు వణికితే "నలుగురూ చూస్తారేమో" అనుకోవడం. ఈ రెండో పొరకి 1985లో స్టీవెన్ రైస్, రిచర్డ్ మెక్‌నాలీ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు యాంగ్జైటీ సెన్సిటివిటీ అని పేరు పెట్టారు. ఒంట్లో మామూలుగా పుట్టే కదలికల్ని ప్రమాదంగా చదువుకునే గుణం అన్నమాట. పానిక్ అటాక్‌లు వచ్చేవాళ్లలో ఇది బాగా ఎక్కువగా ఉంటుంది. వ్యాయామం గట్టిగా దెబ్బకొట్టేది కూడా దీన్నే.

2004లో అచ్చయిన ఒక అమెరికా అధ్యయనం ఈ విషయంలో చెప్పుకోదగ్గది. ఈ గుణం ఎక్కువగా ఉన్నవాళ్ల చేత రెండు వారాల్లో ఆరుసార్లు, ఇరవయ్యేసి నిమిషాలు ట్రెడ్‌మిల్ మీద వ్యాయామం చేయించారు. కొందరు జోరుగా, కొందరు నిదానంగా. ఇద్దరిలోనూ ఈ గుణం తగ్గింది, జోరుగా చేసినవాళ్లలో త్వరగా తగ్గింది. ఆరంటే ఆరుసార్లు! అంత తక్కువలో ఎవరి ఊపిరితిత్తులూ బలపడవు, కండా పెరగదు. మారింది గుండె చప్పుడుకి వాళ్లు చెప్పుకునే అర్థం. గుండె నిమిషానికి నూట నలభై సార్లు కొట్టుకుంది, ఏమీ కాలేదు, మళ్లీ దానంతటదే దిగింది. ఈ సంగతి ఎవరో చెబితే మనసుకి ఎక్కదు. ఒళ్లే మనసుకి చూపించాలి.

ఇది మందులకి బదులా అని అడుగుతారు. 1998లో జర్మనీలో పానిక్ డిజార్డర్ (పానిక్ అటాక్‌లు పదేపదే వచ్చే జబ్బు) ఉన్నవాళ్ల మీద పది వారాల ప్రయోగం జరిగింది. పరుగు ఒక గుంపుకి, క్లోమిప్రమిన్ మందు ఒక గుంపుకి, మందేమీ లేని ఉత్త బిళ్ల మరో గుంపుకి. ఉత్త బిళ్ల కంటే పరుగు స్పష్టంగా మేలు చేసింది. మందు మాత్రం పరుగు కంటే త్వరగానూ, ఎక్కువగానూ పనిచేసింది. కాబట్టి మందు వాడుతున్నవాళ్లు "ఇక నడుస్తున్నాను కదా" అని సొంతంగా ఆపేయకూడదు. ముఖ్యంగా అల్ప్రజోలం, క్లోనాజెపాం లాంటి ఆందోళన మాత్రలు హఠాత్తుగా ఆపితే ఆందోళన రెట్టింపై తిరగబడుతుంది, ఫిట్స్ వచ్చే ప్రమాదం కూడా ఉంది.

ఇక వెసులుబాటు మాట. ఇంగ్లీషులో సైకలాజికల్ ఫ్లెక్సిబిలిటీ అంటారు. అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త స్టీవెన్ హేస్ 1980ల నుంచి పెంచుకొచ్చిన యాక్ట్ (యాక్సెప్టెన్స్ అండ్ కమిట్‌మెంట్ థెరపీ) అనే చికిత్సా పద్ధతికి ఇదే ఇరుసు. తెలుగులో వశ్యత, సారళ్యం లాంటి మాటలు పెట్టొచ్చు గానీ నాకు వెసులుబాటు అనే మాటే నచ్చుతుంది. ఎందుకంటే ఇక్కడ చెప్పదలచుకున్నది సరిగ్గా అదే: పుట్టిన భయానికీ, చేసే పనికీ మధ్య కాస్త చోటు. దడ పుట్టగానే పారిపోవడం ఒక్కటే దారిగా కనిపిస్తే ఆ చోటు లేనట్టు. దడ ఉంది, చెమట పడుతోంది, అయినా కూతుర్ని బడిలో దింపి రావాలి కాబట్టి బండి తీస్తాను అనగలిగితే ఆ చోటు ఉన్నట్టు. దడ తగ్గిందా లేదా అన్నది ఇందులో రెండో మాట.

క్రమం తప్పకుండా వ్యాయామం చేసేవాళ్లలో ఈ వెసులుబాటు ఎక్కువగా ఉంటోందని సర్వేలు చూపిస్తున్నాయి. అయితే వ్యాయామం వల్ల వెసులుబాటు వచ్చిందా, వెసులుబాటు ఉన్నవాళ్లే వ్యాయామం కొనసాగించగలుగుతున్నారా అన్నది సర్వేతో తేలదు. నా అంచనా, రెండూ ఒకదాన్నొకటి లాక్కొస్తాయని. నిద్ర చాలని పొద్దున "ఈ రోజు వద్దులే" అన్న ఆలోచన వస్తుంది. దానితో వాదించకుండా, దాన్ని తరిమేయకుండా, దాన్ని వెంటబెట్టుకునే చెప్పులు వేసుకోవడం. ఇది వెసులుబాటు సాధనే. వారానికి ఐదు రోజులు నడిచే మనిషి దీన్ని వారానికి ఐదుసార్లు సాధన చేస్తున్నట్టు.

మొదలెట్టే ముందు ఒంటి పరీక్ష ఒకటి తప్పదు. థైరాయిడ్ ఎక్కువగా పనిచేసినా దడ వస్తుంది, రక్తం తక్కువైనా వస్తుంది. ఆడవాళ్లలో ఈ రెండూ ఎక్కువ. హిమోగ్లోబిన్, టీఎస్‌హెచ్ (థైరాయిడ్ పరీక్ష), బీపీ, షుగర్ చూపించుకోవాలి, డాక్టరు అవసరమనుకుంటే ఈసీజీ తీయిస్తారు. నడిచేటప్పుడు ఛాతీ మధ్యలో బరువు పెట్టినట్టుండి, నిలబడగానే తగ్గిపోతుంటే, నొప్పి ఎడమ చేతికో దవడకో పాకుతుంటే, శ్రమలో స్పృహ తప్పితే, అది సాధనతో తేల్చుకునే విషయం కాదు. ముందు గుండె డాక్టరు. పరీక్షలు బాగున్నాయని ఒకసారి తేలాక మాత్రం ప్రతి నెలా మళ్లీ ఈసీజీ తీయించుకోవడం ఆపాలి. అది రోగానికి మేత.

ఎంత చేయాలి? ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఇచ్చిన లెక్క ప్రకారం పెద్దవాళ్లకి వారానికి 150 నుంచి 300 నిమిషాల మధ్యస్థ శ్రమ, లేదా 75 నుంచి 150 నిమిషాల గట్టి శ్రమ కావాలి. వీటితోపాటు కనీసం రెండు రోజులు కండలకి పని ఉండాలి. ఆందోళన ఉన్నవాళ్లు మొదటి రోజే ఆ లెక్క వెంట పడితే దెబ్బతింటారు. మొదటి వారం పది నిమిషాలు చాలు, ఐదు రోజులు. మాట్లాడుతూ నడవగలిగే వేగం. రెండో వారం పదిహేను. మూడో వారం ఇరవై, అందులో మధ్యలో రెండుసార్లు ఒక్కో నిమిషం జోరు. జోరంటే పూర్తి వాక్యం ఒక్క ఊపిరిలో చెప్పలేనంత, కానీ నాలుగు మాటలు చెప్పగలిగేంత. నాలుగైదు వారాల్లో ఆ నిమిషాన్ని రెండు చేసి, నాలుగుసార్లు పెట్టుకోవాలి. ఎనిమిదో వారానికి ముప్పై నిమిషాల నడకలో పది నిమిషాలు జోరుగా ఉంటే బాగా కుదిరినట్టు.

ఆ జోరు నిమిషాలే ఇందులో మందు. చాలామంది ఏళ్ల తరబడి నడుస్తారు, కానీ గుండె కాస్త ఎగరగానే వేగం తగ్గించేస్తారు. షుగరుకి ఆ నడక పనికొస్తుంది. దడకి భయపడే గుణానికి పనికిరాదు, ఎందుకంటే దడ దాకా వెళ్లనేలేదు.

నాడి లెక్కలు పెట్టుకునేవాళ్లకి ఒక మాట. 220 లోంచి వయసు తీసేస్తే గుండె గరిష్ఠ వేగం అంటారు. అది మోటు లెక్క, మనిషికీ మనిషికీ పదీ పదిహేను తేడా ఉంటుంది. ప్రొప్రనొలాల్ లాంటి మాత్రలు వాడేవాళ్లలో గుండె అంత వేగానికి వెళ్లదు, లెక్క అసలు కుదరదు. మాట పరీక్షే నయం. చేతికి స్మార్ట్ వాచీ ఉంటే మొదటి రెండు నెలలూ ఇంట్లో పెట్టి వెళ్లడం మంచిది. నిమిషానికోసారి అంకె చూసుకోవడమంటే నిమిషానికోసారి "బతికే ఉన్నానా" అని అడగడమే.

దడ నిజంగా వచ్చినప్పుడు ఏం చేయాలన్నది అసలు ఘట్టం. ఆగొద్దు, పరిగెత్తొద్దు. వేగం కొంచెం తగ్గించి నడక సాగించాలి. మనసులో ఏం నడుస్తోందో దానికి ఒక తోక తగిలించాలి. ఈ విషయంలో తెలుగు మనకి గొప్ప సాయం చేస్తుంది. "నాకు గుండె ఆగిపోతోంది" అన్న వాక్యంలో మనిషి మునిగిపోయి ఉంటాడు. అదే వాక్యానికి "అని" చేర్చండి: "గుండె ఆగిపోతోందని అనిపిస్తోంది." ఇంకో మెట్టు: "గుండె ఆగిపోతోందన్న ఆలోచన వచ్చింది." మొదటి వాక్యంలో అది వార్త. మూడో వాక్యంలో అది వచ్చిపోయే ఆలోచన, ఎదురుగా వచ్చి పక్కనుంచి దాటిపోయే మనిషి లాంటిది. యాక్ట్ పద్ధతిలో ఆలోచన నుంచి ఎడం జరగడం అంటే ఇదే, దానికోసం ప్రత్యేకంగా ఇంగ్లీషు వాక్యాలు బట్టీ పట్టనక్కర్లేదు. ఆలోచన అబద్ధమని రుజువు చేసుకోవాల్సిన పని కూడా లేదు. వాదన మొదలెడితే తెల్లారుతుంది.

తర్వాత దృష్టిని ఒంటి మీదకి తేవాలి, కానీ ఆరా తీస్తున్నట్టు కాదు. దడ ఎక్కడ తెలుస్తోంది? గొంతులోనా, ఛాతీలోనా, చెవుల్లోనా? గట్టిగా ఉందా, తేలిగ్గా ఉందా? అక్కడితో ఆపి, ఆ వెంటనే బయటికి: కాళ్ల కింద రోడ్డు, అలల చప్పుడు, మొక్కజొన్న పొత్తుల బండి బొగ్గు వాసన. మళ్లీ ఒంటికి, మళ్లీ బయటికి. దడని మరిచిపోవడానికి ఇది చేస్తే పనిచేయదు. దడకి లోపల చోటిస్తూనే మిగతా లోకానికి కూడా చోటివ్వడం ఇది. పానిక్ సాధారణంగా పది నిమిషాల్లోపే కొసకి చేరి దిగడం మొదలెడుతుంది. ఆ దిగడాన్ని కాళ్ల మీద ఉండగానే చూడటం ముఖ్యం. కూర్చున్నాక తగ్గితే "కూర్చున్నాను కాబట్టి తగ్గింది" అని మనసు రాసుకుంటుంది.

"పడిపోతానేమో" అన్న భయానికి కూడా జవాబుంది. స్పృహ తప్పాలంటే బీపీ పడిపోవాలి. పానిక్‌లో బీపీ సాధారణంగా పెరుగుతుంది. అందుకే పడిపోతామనిపిస్తుంది గానీ పడరు. రక్తాన్నీ సూదినీ చూస్తే వచ్చే భయం ఒక్కటే ఇందుకు వేరు. అందులో బీపీ నిజంగానే పడిపోతుంది. వాళ్లకి చేతులూ కాళ్లూ కడుపూ పది పదిహేను సెకన్లు గట్టిగా బిగించి, వదిలి, అరనిమిషం ఆగి మళ్లీ బిగించే సాధన నేర్పుతారు.

ఊపిరి విషయంలో మన ఇళ్లల్లో ఇచ్చే సలహా తలకిందులుగా ఉంటుంది. "గట్టిగా ఊపిరి పీల్చు, ఇంకా పీల్చు" అంటారు. కూర్చున్న మనిషి అలా పీలుస్తూ పోతే రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గిపోతుంది, మెదడు రక్తనాళాలు సన్నబడతాయి, తల తేలిపోతుంది, వేళ్లూ పెదాలూ తిమ్మిరెక్కుతాయి. దాన్ని చూసి ఇంకా భయం, ఇంకా పీల్చడం. నడుస్తున్న మనిషిలో కండరాలు కార్బన్ డయాక్సైడ్ తయారు చేస్తూనే ఉంటాయి కాబట్టి ఈ చిక్కు చాలావరకు రాదు. దడ వస్తే నిలబడి గట్టిగా పీల్చేకంటే మెల్లగా నడుస్తూ, పీల్చేదానికంటే వదిలేది కాస్త పొడుగ్గా ఉంచడం మేలని చెప్పేది ఇందుకే.

ఊతకర్రల సంగతి కూడా చెప్పాలి. ఆందోళన ఉన్నవాళ్లు బయటికెళ్లేటప్పుడు కొన్ని రక్షలు పెట్టుకుంటారు: జేబులో ఒక మాత్ర, చేతిలో నీళ్ల సీసా, తోడుగా ఒక మనిషి, ఆసుపత్రి దగ్గరగా ఉండే దారి. కేజీహెచ్ పెద్దాసుపత్రికి దగ్గరని ఆర్కే బీచ్‌లోనే నడిచి, రుషికొండ వైపు ఎప్పటికీ వెళ్లనివాళ్లు ఉంటారు. వీటన్నిటినీ ఒక్కసారే లాగేయకూడదు. వారానికొకటి వదలాలి. తోడు మనిషి మొదట పక్కన నడవాలి, తర్వాతి వారం యాభై అడుగుల వెనక, ఆపై వారం ఇంట్లో. ఎండాకాలంలో నీళ్ల సీసా మాత్రం రక్ష కాదు, అవసరం. అది ఉండనివ్వండి.

తోడు వెళ్లేవాళ్ల మాట తీరు కూడా తేడా తెస్తుంది. "గాభరా పడకు తమ్ముడూ, ఏం కాదు" అని అక్క పదిసార్లు అంటే తమ్ముడి గాభరా పదిసార్లు గుర్తొస్తుంది. "దడ వచ్చిందా? సరే, ఆ లైటు స్తంభం దాకా వెళ్దాం, అక్కడ చూద్దాం" అంటే చాలు. స్తంభం వచ్చాక ఇంకో స్తంభం.

బయటికే వెళ్లలేని దశలో ఉన్నవాళ్లకి ఇంట్లో చేసే సాధన ఉంది. ఉన్నచోటే మోకాళ్లు పైకెత్తుతూ ఒక నిమిషం పరుగు. మెట్టు ఎక్కి దిగడం ఒక నిమిషం. ముక్కు మూసుకుని సన్నని స్ట్రాతో ఊపిరి తీయడం రెండు నిమిషాలు. నిలబడి గిరగిరా తిరగడం అరనిమిషం. ఒక్కోటీ అయ్యాక రెండు అంకెలు రాసుకోవాలి: ఒంట్లో ఎంత తెలిసింది, సున్నా నుంచి పదికి, ఎంత భయమేసింది, సున్నా నుంచి పదికి. భయం అంకె సగానికి దిగేదాకా, మధ్యలో ఒకటి రెండు నిమిషాలు ఆగుతూ, అదే మళ్లీ చేయాలి. తెలివిడి అంకె ఎనిమిది దగ్గరే ఉండి భయం అంకె ఏడు నుంచి మూడుకి రావడమే ఇందులో కావలసింది. ఆస్తమా, గుండె జబ్బు, ఫిట్స్, గర్భం, మెడ నొప్పి ఉన్నవాళ్లు వీటిని డాక్టరుతో మాట్లాడకుండా చేయకూడదు.

కండల పని మన దగ్గర అనవసరంగా కుర్రాళ్ల జిమ్‌కే పరిమితమైపోయింది. వీరఘట్టంలో పుట్టిన కోడి రామ్మూర్తి నాయుడి ఉత్తరాంధ్ర ఇది, దండీలూ బస్కీలూ మనకి కొత్తవి కావు. వారానికి రెండు రోజులు, బస్కీలు పదేసి చొప్పున మూడు విడతలు, గోడకి చేతులానించి దండీలు పదేసి చొప్పున మూడు విడతలు, నీళ్ల బాటిళ్లు నింపిన సంచి నేల మీంచి ఎత్తి దించడం మూడు విడతలు. విడతకీ విడతకీ మధ్య నిమిషంన్నర. ఇక్కడ జరిగే పొరపాటు ఒకటే: ఊపిరి బిగపట్టడం. బిగపడితే బీపీ ఒక్కసారి ఎగిసి, తలలో నరాలు కొట్టుకుంటాయి, మనసు వెంటనే కథ అల్లేస్తుంది. లేచేటప్పుడు, తోసేటప్పుడు ఊపిరి వదలాలి.

మన ఊరి గాలి సంగతి వేరుగా చెప్పుకోవాలి. ఏప్రిల్ నుంచి జూన్ దాకా విశాఖలో ఉక్కపోత తెలిసిందే. గాలిలో తేమ ఎక్కువైతే చెమట పడుతుంది గానీ ఆరదు, ఒళ్లు చల్లబడదు. చల్లార్చుకోవడానికి గుండె చర్మం వైపు ఎక్కువ రక్తం పంపుతుంది. ఫలితం, జనవరిలో నడిచిన వేగంతోనే మేలో నడిస్తే గుండె ఎక్కువ కొట్టుకుంటుంది. రోగం తిరగబడిందని బెంబేలెత్తిపోకుండా వేగం తగ్గించి, సమయం తెల్లవారుజాముకి మార్చుకోవాలి. వచ్చాక ఉప్పు వేసిన మజ్జిగ. బీపీ ఉన్నవాళ్లు ఉప్పు సంగతి డాక్టరు చెప్పినట్టే.

ఇసుక కూడా అంతే. మెత్తని పొడి ఇసుకలో నడవడానికి గట్టి నేల కంటే రెండు రెట్లకు పైగా శక్తి ఖర్చవుతుంది. మొదటి వారాల్లో రోడ్డు పక్క నడకదారి, తర్వాత అల తడిపి గట్టిపరిచిన ఇసుక, చివరికి పొడి ఇసుక. తడి ఇసుక మీద తీరం సముద్రం వైపు వాలి ఉంటుంది కాబట్టి ఒకే దిక్కుగా ఎక్కువసేపు నడిస్తే ఒక చీలమండే నొప్పెడుతుంది. పోను రాను ఒకే దూరం పెట్టుకుంటే రెండు కాళ్లకీ సమానం. ధైర్యం పెరిగిందని నీళ్లలోకి మాత్రం దిగకండి. ఆర్కే బీచ్ దగ్గర అల వెనక్కి లాగే ప్రవాహాలు ఈత వచ్చినవాళ్లనే తీసుకుపోయాయి.

కాఫీ తాగి వెంటనే నడకకి వెళ్లడం దడకి ఎదురు పిలుపు. తాగిన కెఫీన్‌లో సగం ఒంట్లోంచి పోవడానికి ఐదు గంటల దాకా పడుతుంది. మొదటి నెల నడక అయ్యాకే కాఫీ. బొత్తిగా ఖాళీ కడుపుతో వెళ్తే కొందరికి వణుకూ నీరసమూ వచ్చి, అదీ భయంలా కనిపిస్తుంది. ఒక అరటిపండు చాలు. షుగరు మాత్రలో, ఇన్సులినో తీసుకునేవాళ్లు వణుకుని దడ అనుకుని ఓర్చుకోకూడదు, ముందు షుగర్ చూసుకోవాలి.

జోరుగా నడిచి ఠక్కున ఆగడం మరో పొరపాటు. అప్పటిదాకా పిక్కల కండరాలు రక్తాన్ని పైకి తోస్తుంటాయి. ఆగగానే రక్తం కాళ్లలో నిలిచి కళ్లు బైర్లు కమ్ముతాయి. కైలాసగిరి మెట్లెక్కి పైన చటుక్కున నిలబడినవాళ్లకి ఇది బాగా తెలుసు. చివరి ఐదు నిమిషాలు మెల్లగా నడవాలి, ఎక్కడమైతే పైన అటూ ఇటూ తిరగాలి.

ఇప్పుడు నన్ను ఎక్కువగా కలతపెట్టే విషయానికి వస్తాను. వ్యాయామం కూడా పారిపోయే దారి అయిపోగలదు. నడక అయ్యాక ఓ గంటా రెండు గంటలు మనసు తేలిగ్గా ఉంటుంది, అది నిజమే. ఆ తేలికదనం కోసమే నడవడం మొదలైతే, ఆందోళన వచ్చినప్పుడల్లా నడవాలనిపిస్తుంది. ఫోన్ ఎత్తాల్సిన చోట నడక, బ్యాంకుకి వెళ్లాల్సిన రోజు నడక, ఇంట్లో మాట్లాడాల్సిన మాట మిగిలిపోయి రెండు పూటలా నడక. జ్వరంలో కూడా ఆపలేకపోవడం, ఒక్కరోజు తప్పితే రోజంతా తప్పు చేసినట్టుండటం, మడమ నొప్పి మీదే పరిగెత్తడం దీని గుర్తులు. బయటికి క్రమశిక్షణలా కనిపిస్తుంది కాబట్టి అందరూ మెచ్చుకుంటారు. లోపల వెసులుబాటు మాత్రం తగ్గిపోతూ ఉంటుంది.

దీనికి విరుగుడు, నడకకి పెట్టుకునే లక్ష్యాన్ని మార్చడం. "ఈ రోజు దడ రాకూడదు" అన్నది మన చేతిలో లేని లక్ష్యం. దడ వస్తుందేమోనని కాపలా కాయడమే దడని పిలుస్తుంది. "దడ వచ్చినా రాకపోయినా సబ్‌మెరైన్ దాకా వెళ్లొస్తాను" అన్నది మన చేతిలో ఉన్నది. దాని వెనక ఇంకో ప్రశ్న ఉండాలి: ఈ ఒంటితో, ఈ కాళ్లతో నాకు ఏం చేయాలనుంది? మనవడితో జూ అంతా తిరగడం, నైట్ షిఫ్ట్‌లో బెదరకుండా పనిచేయడం, అమ్మని సింహాచలం మెట్ల మీదుగా తీసుకెళ్లడం. ఆ జవాబు లేని నడక నాలుగు నెలల్లో ఆగిపోతుంది.

షిఫ్టుల వాళ్లకి వేళలు కుదరవు. నైట్ దిగి వచ్చిన పొద్దున గట్టి వ్యాయామం పెట్టుకుంటే నిద్ర చెడుతుంది, నిద్ర చెడితే మర్నాడు ఆందోళన పెరుగుతుంది. ఆ పూట పది నిమిషాల తేలిక నడక చాలు. జోరు, నిద్ర లేచిన తర్వాత. వానలకీ తుఫాన్లకీ కూడా ముందే మాట అనుకోవాలి: వాన పడితే అపార్టుమెంటు మెట్లు పదిసార్లు ఎక్కి దిగుతాను. హుద్‌హుద్ తుఫాను 2014 అక్టోబరు 12న తీరం దాటిన ఊరు ఇది. ఇప్పటికీ గాలి హోరెత్తితే గుండె జారేవాళ్లు ఎంతోమంది. ఆ రోజుల్లో బయటికి వెళ్లొద్దు, ఇంట్లో మెట్ల సాధన మాత్రం మానొద్దు.

రెండు నెలలు ఇలా చేసినా ఇల్లు కదలలేకపోతున్నా, నిద్రా తిండీ పోయినా, చచ్చిపోవాలన్న ఆలోచన వస్తున్నా సాయం అడగాలి. ఆ చివరిది వస్తే రెండు నెలలు ఆగకూడదు, ఆ రోజే. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ లైను టెలీ మానస్ నంబరు 14416, తెలుగులోనే మాట్లాడొచ్చు, ఏ వేళైనా. చినవాల్తేరులో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉంది. దాని పేరు ఎత్తడానికి సిగ్గుపడే పాత అలవాటు ఈ ఊళ్లో ఇంకా ఉంది. ఆ సిగ్గు వల్ల ఏళ్లకి ఏళ్లు వృథా అవుతున్నాయి.

పెద్ద లక్ష్యం ఒకటి కావాలనేవాళ్లకి మన ఊళ్లోనే ఉంది. ఆషాఢ పౌర్ణమికి సింహాచలం గిరి ప్రదక్షిణ, 32 కిలోమీటర్లు. కొండ దిగువన తొలిపావంచా (మొదటి మెట్టు) దగ్గర కొబ్బరికాయ కొట్టి, హనుమంతవాక, అప్పుఘర్, మాధవధార, గోపాలపట్నం మీదుగా కొండ చుట్టి రావడం. జనం, రాత్రి, ఉక్క, అలసట, ఆందోళన ఉన్న మనిషిని బెదరగొట్టేవన్నీ ఒకే దారిలో ఉంటాయి. ఇప్పటికే రోజూ ముప్పై నిమిషాలు నడుస్తుంటే నాలుగైదు నెలలు సిద్ధం కావాలి. వారంలో ఒక రోజు పొడుగు నడక, ఐదు కిలోమీటర్లతో మొదలెట్టి వారానికి కిలోమీటరు, కిలోమీటరున్నర కలుపుతూ, ప్రతి నాలుగో వారం వెనక్కి తగ్గుతూ, ఇరవై రెండు దాకా. చివరి పది రోజులు తేలిక నడకే. పొడుగు నడకల్లో రెండు సాయంత్రం పెట్టుకుని చీకట్లో ముగించాలి, ఒకటి జగదాంబ సెంటరు లాంటి రద్దీ మీదుగా వెళ్లాలి, అప్పుడు జనమూ అలవాటవుతుంది. చాలామంది చెప్పుల్లేకుండా నడుస్తారు. అలా మొక్కుకున్నవాళ్లు నెల ముందు నుంచి రోజూ పది నిమిషాలు వట్టి కాళ్లతో నడిచి పాదాలు గట్టిపరచుకోవాలి, లేకపోతే సగం దారిలోనే బొబ్బలు.

దారిలో దడ వస్తే పక్కకి జరిగి వేగం తగ్గించి నడవడమే, స్తంభం నుంచి స్తంభానికి. మరీ ఒంట్లో బాగాలేక మాధవధార దగ్గర ఆగి ఇంటికి వెళ్లాల్సి వస్తే, వెళ్లే ముందు పది నిమిషాలు అక్కడే కూర్చుని మజ్జిగ తాగి, దడ దిగాక అప్పుడు తేల్చుకోండి. ఆ పది నిమిషాల తర్వాత కూడా ఇంటికే వెళ్లాలనిపిస్తే వెళ్లండి. మర్నాడు కాళ్ల నొప్పులున్నా పదిహేను నిమిషాల మామూలు నడక మాత్రం ఉంచుకోండి.